విధవ మాటకు ఆరు కార్డులు

నేను కేంద్ర ప్రభుత్వంలో రష్యన్ అనువాదకురాలిని. జీతం తెచ్చేది అనువాదమే గానీ, నా పిచ్చి మాత్రం మాటల పుట్టుపూర్వోత్తరాల మీద. ఒక్కో మాటకూ కార్డులు రాసుకుంటాను. నా దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుంది. నాన్న పోయాక అమ్మ కాకినాడ నుంచి దేశ రాజధానికి, ఆర్.కె. పురంలో నేనూ మా ఆయనా ఉండే క్వార్టర్‌కు వచ్చేసింది. ఆమెవి ముత్యాల్లాంటి అక్షరాలు. కాస్త పొద్దుపోతుందని కార్డుల పని ఆమెకు అప్పగించాను.

ఆ నెల నేను పట్టుకున్నది స్లావిక్ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాషలోని మాట. ఆ భాషలో రాసిన ముక్క ఒక్కటీ మిగల్లేదు. పిల్లల పోలికలను బట్టి తల్లి ముఖం ఊహించినట్టు పండితులు కట్టుకున్న రూపం అది: విదొవా. రష్యన్‌లో వ్దవా, పోలిష్‌లో వ్దోవా, చెక్‌లో వ్దొవా, బల్గేరియన్‌లో వ్దొవిత్సా. మన సంస్కృత విధవ వీటికి దూరపు తోబుట్టువు. ధవుడు లేనిది విధవ అని మనవాళ్ళు అర్థం చెప్పారు. అసలు విధవను అలా విరిచాకే భర్త అనే అర్థంలో ధవుడు పుట్టాడంటారు పండితులు. ఇది నాకు భలే నచ్చింది.

అదంతా హుషారుగా చెప్పి అమ్మచేత రాయించాను. ఆరు కార్డులూ ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాలాంటి వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

ఆఖరి కార్డు నా చేతికిస్తూ అమ్మ అడిగింది. "ఇన్ని దేశాల్లో ఉంది కదే ఈ మాట. అక్కడ కూడా పేరంటానికి పిలవరంటావా?"

"అది భాషాశాస్త్రంలోకి రాదమ్మా" అన్నాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శ్రావణ శుక్రవారానికి ముందురోజు పక్క బ్లాకు తెలుగు ఆంటీ పిలుపుకు వచ్చింది. గుమ్మంలో ఆమె గొంతు వినగానే అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. వెళ్ళమని ఎవరూ అనలేదు.

"రేపు పదింటికల్లా వచ్చెయ్యమ్మా, ఠీక్ హై? అమ్మగారు బాగున్నారా?" అంటూ ఆంటీ కుంకుమ భరిణె తెరిచింది.

అమ్మను కూడా తీసుకొస్తానని చెప్పాలనుకున్నాను. "బాగుందాంటీ" అని నుదురు ముందుకు వంచాను.

ఆమె వెళ్ళగానే నా మీద నాకే అసహ్యం వేసి, ఆ బొట్టు కొంగుతో తుడిచేసుకున్నాను. అప్పుడే బయటికొచ్చిన అమ్మ హడలిపోయింది.

"అదేం పనే, అపశకునం!" అంటూ నన్ను దేవుడి అలమర దగ్గరికి తోసింది. "పెట్టుకో, ముందు పెట్టుకో."

అలమరలోని కుంకుమ భరిణె మూత బిగుసుకుపోయి నాకు రాలేదు. అమ్మ పక్కనే నిలబడి తొందరపెడుతోంది గానీ, దాన్ని ముట్టుకోలేదు.