చెవి ఆనించి వినే పెద్దాయన

సికింద్రాబాద్ పాత బజారులో మిలిటరీ వాళ్లు వాడేసిన సామాన్లు అమ్మే పెద్దాయన ఒకరు ఉండేవారు. గాలి నింపిన రబ్బరు పడవకు చెవి ఆనించి, ఎక్కడైనా గాలి పోతోందేమోనని కళ్లు మూసుకుని వినేవారు. నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరి వింటున్నట్టు ఉండేది.

మా తమ్ముడు కోస్తాలో జాలరి పల్లెలకు దేవుని వాక్యం చెప్పడానికి వెళ్లేవాడు. దారిలో అలలు విరిగే చోటు దాటాలి. వాడికో చిన్న గాలి పడవ కొనిద్దామని అల్వాల్ నుంచి ఇద్దరం బస్సెక్కి వెళ్లాం. నాకు తేలికైన నీలం పడవ నచ్చింది.

"గది చెర్వుల ఆడుకునేది తల్లీ. గాలికి ఒకటే ఖానా. సముద్రంల చిల్లు పడితే ఖతం," అన్నారు పెద్దాయన.

"నాకు ఈత వచ్చులెండి," అన్నాడు తమ్ముడు.

"ఒడ్డు మీద అందరికీ వస్తది బిడ్డా."

బరువైన నల్ల పడవ ఒకటి తెచ్చి, దాని మూడు ఖానాల్లోనూ, అంటే విడివిడి గాలి అరల్లోనూ, గాలి కొట్టారు. ఒక్కోదానికీ చెవి పెట్టి విన్నారు. తర్వాత ముందు ఖానాలో గాలంతా తీసేసి, "ఇగ ఎనక అంచు మీద గూసో," అన్నారు. తమ్ముడు కూర్చున్నాడు. ముందు భాగం వాలిపోయింది గానీ, వాడి కింద అంచు గట్టిగానే నిలిచింది.

"గిట్లనన్న ఇంటికొస్తవు."

ఆ వానాకాలం రాయి తగిలి ఒక ఖానా చీరుకుపోయిందట. ఆ మాట తమ్ముడు మా వంటింట్లో కూర్చుని, మారు అన్నం పెట్టించుకుంటూ చెప్పాడు.

పెద్దాయన పేరు అడగనేలేదు. ప్రార్థనలో "చెవి ఆనించి వినే ఆయన" అంటాను. దేవుడికి ఆ గుర్తు చాలు.