చల్లారాల్సిన మేఘం

మాకు ఫిజిక్స్ చెప్పిన పలాస మేస్టారికి ఏదడిగినా ముందు “సల్లారనీ” అనడం అలవాటు. వాళ్లింట్లో జీడిపిక్కలు కొట్టేవారు. ఉడికించిన పిక్కని వేడిమీద కొడితే పప్పు ముక్కలైపోతుంది. నక్షత్రాల మధ్య ఉండే వాయుమేఘాలకీ ఆయన అదే పాఠం చెప్పేవారు. వేడిగా ఉన్న మేఘాన్ని లోపలి ఒత్తిడి దగ్గరపడనివ్వదు. చల్లారితేనే తన బరువుకి తనే కుంగి నక్షత్రమవుతుంది.

“ఎన్నాళ్లు పడతాది మేస్టారూ?” అని అడిగాను.

“లక్షల ఏళ్లు. తొందరేటి?”

మొన్న డయాలసిస్ మంచం మీద కనిపించారు. మన ఉద్దానంలో ఇందరి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పరిశోధిస్తున్నారట అని చెప్పాను. “సల్లారనీ” అంటారనుకున్నాను.

“బేగి తేల్సమనరా” అన్నారు. “నేను మేఘాన్ని కాను.”