ముంచడమంటే ముంచడమేనన్నారు

పంతొమ్మిదివందల డెబ్భైల్లో పెళ్లయి పటమటలో కాపురానికొచ్చిన మొదటి ఆదివారం, చర్చిలో రొట్టె పళ్లెం నా దాకా వచ్చి, నన్ను దాటి పక్కావిడకి వెళ్లిపోయింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఇంటికొచ్చాక అత్తయ్యగారు మామూలుగానే చెప్పారు. "మీ మైలవరంలో నీకు నెత్తిన నీళ్లు చల్లారు గాని ముంచలేదు కదమ్మా. మా సంఘంలో ముంచితేనే బాప్తిస్మం. అది తీసుకుంటేనే ప్రభువు బల్ల, ఆ రొట్టె."

మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు మా నాన్న ఒళ్లో నాకు జరిగిన బాప్తిస్మం అది.

పాస్టరుగారు ఇంటికొచ్చారు. బైబిలు మూలభాషలో బాప్తిస్మమంటే ముంచడమేనని, ఇంకో అర్థమే లేదని చెప్పారు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఒక మాటకి ఒకటే అర్థమంటే ఒళ్లు మండింది.

"మీరిప్పుడు టీలో బిస్కెట్టు ముంచారు. మొత్తం మునిగిందా అండీ? పని ముంచుకొచ్చిందంటాం, కొంప ముంచాడంటాం. అక్కడ నీళ్లెక్కడున్నాయి?"

ఆయన ఓపిగ్గా విన్నారు. "బిస్కెట్టు సంగతి కాదమ్మా, రక్షణ సంగతి చెబుతున్నాను" అన్నారు.

మా ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. పాస్టరుగారు వెళ్లాక, "ఒక్క మునకే గదా, అయిపోతుంది" అన్నారు.

ఏడు నెలలు ఆ పళ్లెం నన్ను దాటి వెళ్లింది. చివరికి సరేనన్నాను. నమ్మి కాదు, విసిగి. అప్పటికి ఎండలు ముదిరి, సంఘం బాప్తిస్మాలిచ్చే కాలవకి నీళ్లు కట్టేశారు. అడుగున మోకాటిలోతు నీళ్లు మిగిలినచోట పాస్టరుగారు నన్ను వెనక్కి వంచారు. లేచేసరికి గట్టుమీదున్న సంఘపెద్ద, "మోకాళ్లు మునగలేదండీ" అన్నాడు. రెండోసారి మోకాళ్లు మునిగాయి, ముఖం తేలింది. మూడోసారి నన్ను బురదలో కూర్చోబెట్టి, భుజాలు పట్టుకుని వెనక్కి అదిమారు. నోట్లోకి బురదనీళ్లు పోయాయి. గట్టుమీద పాట ఎత్తుకున్నారు.

అత్తయ్యగారు నన్ను దుప్పట్లో చుట్టి, ఏడుస్తూ నుదుటిమీద ముద్దు పెట్టారు. ఆవిడ ఏడుపు నిజం. అందుకే ఆవిడమీద కోపం తెచ్చుకోలేకపోయాను. తెచ్చుకోలేకపోయినందుకు ఇంకా చిరాకేసింది.

ఆ వారంలోనే నాన్న వచ్చాడు. ఎవరో చెప్పారట. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "అయితే మేం ఇప్పించింది బాప్తిస్మం కాదన్నమాట" అన్నాడు.

"అది కాదు నాన్నా, వీళ్లకోసం ఒప్పుకున్నాను."

"ఎవరికోసమైతేనేం. రెండోది తీసుకున్నావంటే మొదటిది చెల్లలేదనేగా."

పాస్టరుగారితో అంత వాదించినదాన్ని, నాన్న తాగిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. బస్సుకి టైమైందని లేచాడు. బస్టాండు దాకా వస్తానంటే వద్దన్నాడు.

తర్వాత నా పురిటికి వచ్చాడు, మనవణ్ణి ఎత్తుకున్నాడు, అన్నీ మాట్లాడాడు. ఆ సంగతి మాత్రం తను ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు.