ఇంటిపేరు ముందుందా, వెనకుందా

2024 జనవరి నాటికి నేను అమెరికాలోని మోరిస్‌విల్ దగ్గరి ఒక కార్ డీలర్‌షిప్‌లో టైటిల్ ఆఫీస్ మేనేజర్‌ని. అక్కడ అప్పటికే పందొమ్మిదేళ్లు పనిచేశాను. టైటిల్ అంటే కారు ఎవరిదో చెప్పే రాష్ట్ర ప్రభుత్వ పత్రం. కారు అమ్ముడవగానే బిల్లు, లోన్ కాగితాలు, ఇన్సూరెన్స్ అన్నీ డీల్ జాకెట్ అనే దళసరి ఫోల్డర్‌లో చేరి నా బల్ల మీదికి వస్తాయి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పత్రం తిరిగొస్తుంది. అందుకని పేర్లు సరిచూడడమే నా ఉద్యోగంలో సగం.

ఆ నెలలోనే ఎలక్ట్రిక్ కార్ల పన్ను రాయితీ పద్ధతి మారింది. అంతకుముందు కొన్నవాళ్లు మరుసటి ఏడాది ట్యాక్స్ ఫైల్ చేసేటప్పుడు రాయితీ తీసుకునేవారు. కొత్త పద్ధతిలో దాన్ని డీలర్‌కి బదిలీ చేసి, కొనే రోజునే ధరలో తగ్గించుకోవచ్చు. వాడిన కారైతే నాలుగు వేల డాలర్ల దాకా తగ్గుతుంది. ఇందుకు డీలర్ ఫెడరల్ పన్నుల శాఖ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. అమ్మిన మూడు రోజుల్లోగా రిపోర్టు ఆన్‌లైన్‌లో పంపాలి. శని, ఆదివారాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కొన్నవారి పేరు, ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబర్, కారు నంబర్, ధర ఎక్కించి పంపితే పోర్టల్ అప్పటికప్పుడే యాక్సెప్టెడ్ అనో రిజెక్టెడ్ అనో చెప్పేస్తుంది. యాక్సెప్టెడ్ అయితే ఒక కాపీ కొన్నవారికి ఇస్తాం. రాయితీ మొత్తం కొద్ది రోజుల్లో డీలర్ బ్యాంకు ఖాతాకి వస్తుంది.

ఈ పని నాదేనని నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. డిసెంబరంతా నిబంధనలు చదివి నోట్సు రాసుకున్నాను. జనరల్ మేనేజర్ గ్రెగ్ సోమవారం మీటింగ్‌లో ఆ బాధ్యతని అంజలికి అప్పగించాడు.

అంజలి పక్క ఊరు క్యారీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. ఫైనాన్స్ మేనేజర్‌గా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. కొనేవాళ్లకి లోన్ కుదిర్చి సంతకాలు పెట్టించేది ఆమే. ఆమెది షోరూమ్ మధ్యలో అద్దాల గది, నాది కార్లు బాగుచేసే సర్వీస్ బే పక్కన కిటికీ లేని గది. అందరూ ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకునే ఆఫీసులో ఆమె నన్ను ఆంటీ అనేది. మర్యాదకే అనేది. నాకు మాత్రం, గ్రెగ్‌కి నా వయసు గుర్తుచేయడానికే అంటోందనిపించేది.

ఇప్పుడు దాచడానికేమీ లేదు కాబట్టి రాస్తున్నాను. గ్రెగ్ రోజుకి ఎన్నిసార్లు ఆమె గుమ్మం దగ్గర ఆగుతున్నాడో లెక్కపెట్టేదాన్ని. ఆమె పంపిన డీల్ జాకెట్లలో తప్పు దొరికితే ఆ రోజు భోజనం రుచిగా ఉండేది. కొత్త పద్ధతి గురించి సేల్స్‌వాళ్లకి ఆమె గంటసేపు చెప్పింది, వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్లి మా ఆయనతో, వాడిన కార్ల సంగతి సరిగ్గా చెప్పనేలేదన్నాను. "తప్పు చెప్పిందా, లేక బాగా చెప్పిందా?" అని అడిగాడాయన. ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో ఒక గురువారం పద్మజ అనే ఆవిడ వాడిన ఎలక్ట్రిక్ కారు కొంది. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం, రోజూ గంటకు పైగా డ్రైవింగ్. తన పాత కారు మాకిచ్చేసి, పన్ను రాయితీనే డౌన్ పేమెంట్‌గా లోన్ కుదుర్చుకుంది. అంజలి రిపోర్టు పంపింది. పేరు, నంబరు కలవడం లేదంటూ రిజెక్ట్ అయింది. మూడుసార్లు పంపినా అంతే. పద్మజకి షిఫ్టు టైమవుతోంది. రిపోర్టు యాక్సెప్ట్ కాకుండా తాళం ఇవ్వకూడదని మాకు నోటిమాటగా ఒక నియమం. అంజలి జాలిపడి ఇచ్చి పంపేసి, లైసెన్స్ కాపీతో నా గదికొచ్చింది.

"ఆంటీ, ఇది ఒకసారి చూస్తారా? నంబర్ కరెక్టే ఉంది. లైసెన్స్‌లో ఉన్న నేమే టైప్ చేశాను. అయినా రిజెక్ట్ అవుతానే ఉంది."

చూడగానే నాకు అర్థమైంది. లైసెన్స్ మీద పద్మజ మొదటి పేరు, కొల్లూరి ఇంటిపేరు. మన పాస్‌పోర్టులతో వచ్చిన కొత్తలో సోషల్ సెక్యూరిటీ కార్డు చేయించుకున్నవాళ్లలో కొందరికి ఇంటిపేరు మొదటి పేరుగా పడిపోయేది. మా ఆయన కార్డు మీదా అలాగే ఉంది. లైసెన్స్ మీద సరిచేయించుకుని కార్డుని అలాగే వదిలేస్తారు. పన్నుల శాఖ చూసేది కార్డు మీది పేరునే. అమెరికాలో పుట్టిన అంజలికి ఈ తలనొప్పి తెలిసే అవకాశం లేదు.

"పోర్టల్ సంగతి నాకేం తెలుసమ్మా? నీకే కదా అప్పగించారు," అన్నాను.

"ఓకే ఆంటీ, థాంక్స్," అని వెళ్లిపోయింది.

శుక్రవారం ఆమె రోజంతా హెల్ప్‌లైన్ ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. గ్రెగ్ ఆమె గదిలోకెళ్లి తలుపు మూశాడు. అద్దంలోంచి ఆమె వంచిన తల కనిపించింది. ఆ రోజు నేను ఎంతో హుషారుగా పనిచేశాను. పద్మజ పాత కారు వేలానికి వెళ్లాల్సిన కాగితాలొస్తే వాటి మీదా సంతకం పెట్టి పంపేశాను.

మూడో రోజు ఆదివారం, డీలర్‌షిప్ మూసి ఉంటుంది. శనివారమే తేల్చాలని గ్రెగ్ పద్మజని పిలిపించాడు. నాలుగు వేలు ఆమే కట్టాలి, లేదా అమ్మకం రద్దు చేసి కారు వెనక్కివ్వాలి. ఆవిడ హాస్పిటల్ డ్యూటీ దుస్తుల్లోనే వచ్చింది. గ్రెగ్ చెప్పింది విని, అంజలి వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"ఇప్పటికిప్పుడు అంత డబ్బు నేనెక్కడ తేగలనండీ? పోనీ నా పాత కారు నాకిచ్చేయండి. ఉందా, అమ్మేశారా?"

అంజలి కౌంటర్ దగ్గరున్న నా వైపు చూసింది. వేలం కాగితాలు నా దగ్గరికే వస్తాయి మరి. ఆ కారు నిన్ననే వెళ్లిపోయిందని అక్కడ తెలిసినది నాకొక్కదానికే. రెండు రోజులుగా నా కళ్లకి అంజలి తప్ప ఎవరూ ఆనలేదు. ఈవిడ సోమవారం డ్యూటీకి ఎలా వెళ్తుందన్న ఆలోచనే నాకు అప్పటిదాకా రాలేదు.

"మీ సోషల్ కార్డు మీద ఇంటిపేరు ముందుందా, వెనకుందా?" అని అడిగాను.

"ముందే పడిందండీ. మార్పించుకోవాలనుకుంటూ అలాగే ఉండిపోయాను. ట్యాక్స్ కూడా అలాగే ఫైల్ చేస్తాను."

అంజలి పేర్లు తిరగేసి రిపోర్టు మళ్లీ పంపింది. నిమిషంలో యాక్సెప్టెడ్ అని వచ్చింది. గ్రెగ్ నా భుజం తట్టి, ఇకనుంచి పోర్టల్ మీ ఇద్దరిదీ అన్నాడు. పద్మజ నా చెయ్యి పట్టుకుని, "మీరుండబట్టి సరిపోయింది," అంది. ఆ మాట నిలబడి వినాల్సి వచ్చింది.

ఆవిడ వెళ్లాక అంజలి నా గదికొచ్చి తలుపు వేసింది.

"గురువారమే మీకు తెలుసా ఆంటీ?"

తెలియదనొచ్చు. రుజువేమీ లేదు. కానీ ఆ అబద్ధం ఒకసారి ఆడేశాను.

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నాకు రావలసిన పని నీకిచ్చారని."

"నేను ఆ పని అడగలేదు. మీకు కావాలని నాకెవ్వరూ చెప్పలేదు," అంది. తలుపు తీస్తూ, "ఆమెకి కార్ లేకుండా అయ్యేది కదా," అంది.

గ్రెగ్‌కి చెప్తుందని వారాల తరబడి ఎదురుచూశాను. చెప్పలేదు. ఆంటీ అనడమూ మానలేదు. నన్ను ఏదైనా అడగడం మాత్రం మానేసింది. నా గదికి వచ్చే ప్రశ్నలు సేల్స్‌వాళ్ల ద్వారా వచ్చేవి. ఆ రోజుతో నా అసూయ పోయిందని రాస్తే అది కూడా అబద్ధమే. ఆమె నోరు విప్పకపోవడం నాకు ఇంకో అసూయ అయింది. ఆమె స్థానంలో నేనుంటే చెప్పేసేదాన్ని.

వేసవిలో అంజలి వేరే డీలర్‌షిప్‌కి వెళ్లింది. పోర్టల్ పూర్తిగా నా పేరు మీదికి వచ్చింది. 2025 సెప్టెంబరు ఆఖరుకి ఆ రాయితీ ఆగిపోయేదాకా రిపోర్టులు నేనే పంపాను. ఒక్కటీ గడువు దాటలేదు. డిసెంబరులో రిటైరయ్యాను.

ఆ వ్యవహారం తర్వాత మా చెక్‌లిస్టులో రెండు వాక్యాలు చేర్పించాను. పేరు లైసెన్స్ చూసి కాకుండా సోషల్ సెక్యూరిటీ కార్డు చూసి ఎక్కించాలి. రిపోర్టు యాక్సెప్ట్ అయ్యాకే తాళం ఇవ్వాలి. ఇవి పనికి సంబంధించిన పాఠాలు. చెక్‌లిస్టులో రాయలేనిది ఒకటుంది. సాటి ఉద్యోగికి చెడు చేయాలంటే ఏ కుట్రా పన్నక్కర్లేదు, అడిగినప్పుడు తెలియదంటే సరిపోతుంది. ఆ దెబ్బ మనం గురిపెట్టిన మనిషికి తగలకపోవచ్చు. బల్లకి అటువైపు కూర్చున్న మనిషికి మాత్రం తప్పకుండా తగులుతుంది.