గని కప్పును మోసిన తాబేలు

మీ ఇంట్లో తాబేలును ఏ దిక్కుకు తిప్పి పెట్టారు? నవ్వకండి, మిమ్మల్నే అడుగుతున్నాను. మొన్న కరీంనగర్‌లో మా బంధువుల కొత్త ఇంటికి వెళ్తే, హాల్లో గాజు పళ్లెంలో నీళ్లు పోసి, ఇత్తడి తాబేలును ఉత్తరం వైపు తిప్పి పెట్టారు. ఇంజనీరింగ్ చదివిన పిల్లవాడు దాన్ని చూపించి, అది ఇంటికొచ్చాకే తనకు ప్రమోషన్ వచ్చిందని చెబితే నా నోట్లో చాయ్ చేదెక్కింది. ప్రాణమున్న తాబేలును అదృష్టంగా మార్చి చంపబోయిన జనం మధ్య పెరిగిన దాన్ని నేను.

బెల్లంపల్లిలో బొగ్గు కార్మికుల క్వార్టర్ల వరుసలో మా ఇల్లు. వానకాలం వచ్చిందంటే ఇంటింటి ముందు కుంపట్లలో రాజుకునే బొగ్గు పొగ, తడిసిన మట్టి, నిప్పుల మీద చిటపటమనే మక్క కంకులు, అన్నిటి వాసనా కలిసి ఆరని బట్టలకూ మా జుట్టుకూ పట్టుకునేది. సైరను మోగితే ఆటలో మునిగిన పిల్లలం కూడా చప్పున ఆగి, అది షిఫ్టు సైరనా, ప్రమాదం సైరనా అని చెవులు రిక్కించేవాళ్లం. నాన్నను బాపు, అమ్మను అవ్వ, గనిని బాయి అంటాం మేం. బాయిలోకి దిగిన మనిషి పైకొచ్చేదాకా ఆ ఇంటి ఆడవాళ్ల ప్రాణమంతా ఆ సైరను మీదే.

అట్లాంటి వానల్లో ఒకరోజు బాపు షిఫ్టు దిగి, తన గని టోపీని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. అందులో వాగు తాబేలు. బొగ్గు లారీ చక్రం అంచున తగిలి, డిప్ప వెనకవైపు పగిలి నెత్తురు కారుతోంది. అవ్వ ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో పగులు కడిగి, గుడ్డతో అద్ది, గోనెసంచి పరిచిన గంపలో ఉంచింది. రోజూ కాసేపు తొట్టి నీళ్లలో వదిలి, మళ్లీ తీసి ఆరబెట్టేది. నత్తలు ఏరుకొచ్చే పని నాది. అన్నాళ్లూ తల బయట పెట్టని జీవి నా వేళ్ల ముందే నత్తను పటుక్కున కొరికిన రోజు అవ్వ నవ్వింది. "ఇగ బతుకుతది బిడ్డా! నీ ఏలు జర పైలం."

అంతలో బాయిలో కప్పు కూలింది. షిఫ్టు వాళ్లు అప్పుడే పైకి వచ్చేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. కప్పుకు దన్నుగా నిలబెట్టిన కట్టెలు పుచ్చిపోయాయని బాపు కోపంతో ఊగిపోతుంటే, వాడకట్టు జనానికి మాత్రం ప్రాణాలు కాపాడిందెవరో తెలిసిపోయింది: మా గంపలోని తాబేలు. పక్కింటి రాజవ్వ కొడుకు బాపుతోపాటే బాయిలోకి దిగేవాడు. పసుపు, కుంకుమ, పాలచెంబు పట్టుకుని అందరికంటే ముందు ఆమే వచ్చింది. వెనకే మిగతా ఆడవాళ్లు. పగుల్లో పసుపు ముద్దలు, గోనెలో విరిగిన పాలు, పైన ముసిరిన ఈగలు. చూస్తుండగానే మానుతున్న పుండు చీము పట్టింది, తాబేలు నత్తలు ముట్టడం మానేసింది. భక్తి వాసన ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

అవ్వ గంపను లోపల పెట్టి గొళ్లెం వేసింది. కడగడం, ఆరబెట్టడం మళ్లీ మొదటి నుంచి. వాడకట్టు ఆమెతో మాట్లాడటం మానేసింది. నల్లా దగ్గర ఆమె బిందెను కాలితో పక్కకు జరిపేవారు. వానలు తగ్గి, పగులు గట్టిగా పూడుకున్నాక, ఒక పొద్దున అవ్వ గంప నెత్తిన పెట్టుకుని బయటికొచ్చింది. బాపు బాయిలో ఉన్నాడు. రాజవ్వ వాకిట్లో అడ్డం నిలబడింది.

"మొగడు బాయిల ఉండంగనే దీన్ని ఎల్లగొడ్తున్నవా? నీకు ఫికర్ లేదానే? నా కొడుకు గూడ అండ్లనే ఉన్నడు!"

"ఫికర్ ఉన్నది కాబట్టే చెప్తున్న, అక్కా. కప్పు ఆపేది కట్టెలు, తాబేలు గాదు. నడువు, ఇద్దరం బాయికాడికి పోయి మంచి కట్టెలు పెట్టుమని అడుగుదాం."

"ఆడోళ్లు అడిగితె ఇంటరా?"

"మరి తాబేలు చెప్తె ఇంటరా?"

అయినా రాజవ్వ దారి మాత్రం ఇవ్వలేదు. అవ్వే ఆమెను భుజంతో తోసుకుని ముందుకు నడిచింది, వెనక నేను. వాగు ఒడ్డున దింపగానే తాబేలు మెడ చాచి, వెనక్కి చూడకుండా బురద నీళ్లలోకి జారిపోయింది. దీవెన లేదు, కృతజ్ఞత లేదు. వాగు జీవికి అవి అక్కర్లేదు. మధ్యాహ్నం సైరను మోగాక బాపు, రాజవ్వ కొడుకు మాట్లాడుకుంటూ క్షేమంగా వచ్చారు. అవ్వ గెలిచినట్టు చూస్తే బాపు ఒప్పుకోలేదు. "గిదేం రుజువు గాదు. పుచ్చిన కట్టెలు గట్లనే ఉన్నయి" అన్నాడు.

ఇప్పుడు ఆ వాగు మీద గని తవ్విపోసిన మట్టి గుట్టలా లేచింది. క్వార్టర్లకు తలుపులు కూడా మిగల్లేదు, కుంపట్లు లేవు, లారీ కింద పడటానికైనా ఒక్క తాబేలు లేదు. మిగిలినవాటిలో కొన్ని మీ గాజు తొట్లలో, మీ గుడి బావుల్లో లక్ష్మి పేరు మోస్తూ కుళ్లుతున్నాయి. మీ అదృష్టం వాటి పని కాదు. తొట్టిలో పెట్టుకున్న ఆ ప్రాణిని అటవీ శాఖ వాళ్లకు అప్పగించండి. ఈ రోజే. ముహూర్తం చూడకండి.