పాత పుస్తకంలో లేని అధ్యాయం

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె చేసి బొగ్గు గనులన్నీ బందైన ఆ రోజుల్లో మా కాలనీ మగవాళ్ళు పొద్దస్తమానం ఇళ్ళలోనే ఉండి ఆడవాళ్ళ ప్రాణం తోడేశారు. మా బాపు మాత్రం ఎవరి జోలికీ పోలేదు. గోదావరిఖనిలో మా క్వార్టరు వరండాలో కుర్చీ వేసుకుని, ఒక పెద్ద రష్యన్ నవల తెలుగు అనువాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. నేను పుట్టకముందు పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు కారుచౌకగా కొన్నదట. అట్ట మీద అట్ట వేసి దాచుకున్నాడు. దారినపోయేవాళ్ళకు వినబడేంత గట్టిగా చదివేవాడు.

మా ఇంట్లో గొడవంతా దాని గురించే. బాపుకు చూపు మందగిస్తోందని మా అమ్మకు అనుమానం. మేం ఆమెను అవ్వ అని పిలుస్తాం. గని కార్మికుడు ఇక పని చేయలేడని కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. దాన్ని మా దగ్గర అన్‌ఫిట్ కావడం అంటారు. తండ్రి అన్‌ఫిట్ అయితే వాడకట్టంతా మిఠాయి పంచుతారు. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది కానీ మాకది పెళ్ళి కుదిరినంత మామూలు సంగతి. డిగ్రీ చదివి ఏళ్ళుగా ఖాళీగా తిరుగుతున్న మా తమ్ముడు ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నాడు.

బాపుతో పాటు గనిలో పనిచేసే, మేం కాక అని పిలిచే పక్క క్వార్టరాయన ఒకరోజు గేటు దగ్గరే నిలబడి అడిగేశాడు.

"కండ్లు కనబడ్తలేవని బోర్డుకు పోవాల్సినోడివి, గంత లావు బుక్కు వట్టుకొని సదువుతాంటే ఎవడు నమ్ముతడే అన్నా?"

"నాకేమైందిరా? మంచిగనే కనబడ్తాంది. రిటైరయ్యేదాక గనిల దిగుత," అన్నాడు బాపు.

తమ్ముడి ముఖం మాడిపోయింది. నాకైతే ఒళ్ళు మండింది. కొడుకు బతుకు కంటే ఈయనకు పుస్తకం ఎక్కువైపోయిందా అనుకున్నాను.

అప్పట్లో నేను పెద్దపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆ నవలకు కొత్తగా వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్ని హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాను. బాపు చేతిలో పెడితే అట్ట తడిమి, కాగితం వాసన చూసి, "గిందుల గూడ గట్లనే ఉన్నదా, ఏమన్న మార్చిన్రా?" అన్నాడు. కాలేజీ కూడా బందే కాబట్టి మాకు రోజూ అదే పనైంది. నేను ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెప్పేదాన్ని. బాపు తన పుస్తకంలో అదే చోటు తీసి చదివి, ఏది బాగుందో తీర్పు చెప్పేవాడు. గెలుపు ఎప్పుడూ తన పుస్తకానిదే. "నీ ఇంగ్లీషాయనకు తొందరెక్కువ బిడ్డా," అనేవాడు. అనువాదం చేసింది ఆడమనిషి అని ఎన్నిసార్లు చెప్పినా ఆ 'ఆయన'నే తిట్టేవాడు. నా కోపం నవ్వులో కొట్టుకుపోయేది.

సమ్మె ముగిసిందనీ, మర్నాటి నుంచి డ్యూటీలనీ కబురొచ్చిన మధ్యాహ్నం కూడా అలాగే కూర్చున్నాం. కూతురు గుర్రబ్బండి ఎక్కి వెళ్ళిపోయాక తల్లి ఖాళీ గదిలో ఒక్కతే దుప్పట్లు మడతపెట్టే అధ్యాయం చెప్పాను. మన పుస్తకంలో ఎలా ఉందో చదవమన్నాను.

బాపు పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. వేలు ఆనించి ఎక్కడా తడుముకోకుండా చదివాడు. తల్లి, దుప్పట్లు, కిటికీ అవతల మంచు, అంతా చక్కటి పాతకాలపు తెలుగులో. నాకు అసూయ కలిగింది. ఆ మాటలు మళ్ళీ చూద్దామని పుస్తకం మీదికి వంగాను. ఆ పేజీలో పెళ్ళి విందు జరుగుతోంది. ముందు పేజీలోనూ విందే, తర్వాతి పేజీలోనూ విందే. కంగారుగా ముందుకూ వెనక్కూ తిప్పాను. పాత అనువాదంలో ఆ అధ్యాయాన్ని వదిలేశారు. నేను అప్పుడే చెప్పిన సంగతినే బాపు తన మాటల్లో నాకు అప్పజెప్పాడు. మిగతా నవలంతా ఏళ్ళ తరబడి చదివి నోటికి వచ్చినది.

"గీ పేజీల ఏమున్నది బాపూ?"

బాపు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏం కనబడ్తలేదు బిడ్డా. నీ మొఖం గూడ పొగ లెక్కనే ఉన్నది."

గనిలో బాపుది నీళ్ళు తోడే పంపు డ్యూటీ. సమ్మె మొదలయ్యేదాకా ముందు నడిచేవాళ్ళ అడుగుల చప్పుడు పట్టుకుని పంపు దాకా పోయేవాడట. మోటారు మోత విని పని నడిపించేవాడట.

"మరి బోర్డుకు ఎందుకు పోవు?"

"నేను బయటికొస్తే వాడు లోపలికి వోతడు. పైకప్పు కూలి నా దోస్తు నా పక్కనే వోయిండు. నా కొడుకును గాడికి తోలి నేను ఈడ సల్లగ కూసుండాల్నా? ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

కళ్ళు బాగున్నాయని అందరూ అనుకోవాలనే రోజూ వరండాలో అంత గట్టిగా చదివాడు.

చెప్పనని నేను మాటివ్వలేదు. ఆ సాయంత్రమే అవ్వకు చెప్పేశాను. అవ్వ ఏడ్చింది, తమ్ముడూ ఏడ్చాడు. ఏడుస్తూనే వాడి ముఖంలో ఆశ కదిలింది, దాన్ని నేను తప్పుపట్టలేను. కళ్ళలో నీటికాసులని, అంటే గ్లకోమా అని, పోయిన చూపు తిరిగి రాదని దవాఖానలో చెప్పారు. బోర్డు బాపును అన్‌ఫిట్ చేసింది. వద్దన్నా వాడకట్టు ఊరుకోదని అవ్వ మిఠాయి పంచింది. బాపు నాతో మాట్లాడటం మానేశాడు.

తమ్ముడు మొదటిసారి గనిలోకి దిగిన రోజు, షిఫ్టు విడిచే వేళకు బాపు మా ఇంటి గేటు పట్టుకుని నిలబడ్డాడు. వాడు రాగానే తల, భుజాలు, చేతులు, ఒక్కొక్క వేలూ తడిమి చూశాడు. "ఏంది బాపూ, అందరు చూస్తున్రు," అని తమ్ముడు సిగ్గుపడ్డాడు. తర్వాత వాడికీ అలవాటైంది. గేటు దగ్గరికి వస్తూనే చేతులు చాపేవాడు. నేను చేసింది న్యాయమే. అయినా ఆ వేళకు నాకు వరండాలో ఉండబుద్ధి అయ్యేది కాదు.

ఒకరోజు షిఫ్టు విడిచి చాలాసేపైనా తమ్ముడు రాలేదు. టీ కొట్టు దగ్గర దోస్తులతో ఆగిపోయాడని తర్వాత తెలిసింది. అన్నాళ్ళకు బాపు గేటు దగ్గర నుంచి నన్ను పిలిచాడు.

"రోడ్డు మీద వస్తాండా బిడ్డా? సూసి చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

రోడ్డు మీద ఎవరూ లేరు. అదే చెప్పాను.