మిక్సీ ఆపితేనే తెరుచుకునే వెబ్‌సైట్

మా ధర్మవరం ఓబులేసుకు తన వస్తువు ఇంకొకరి దగ్గర ఉంటే నిద్ర పట్టదు. పెళ్లికి వెళ్తే చెప్పులు సంచిలో వేసుకుని పక్కన పెట్టుకునే భోంచేస్తాడు. ఎవరికైనా నిచ్చెన ఇస్తే, అది తిరిగొచ్చేదాకా వాళ్ల అరుగు మీదే కాపలా. "మనది మనింట్లోనే ఉండాలప్పా!" అనేది ఆయన ఊతపదం.

అలాంటి మనిషి మా వీధి మగ్గాల చీరలకు వెబ్‌సైట్ పెడతానని బయలుదేరాడు. ముఖ్యంగా వీధి చివరి నీలావతి కోసం. ఆమె నేసిన అంచులు ఎందరో కట్టుకున్నారు గానీ, ఆమె పేరు ఎవరికీ తెలియదు. కొన్నవాళ్లు ఒక్కరైనా తనను పేరు పెట్టి అడగాలని ఆమె ఆశ.

ఫొటోలు తీసింది నేనే. "ఏదో కంపెనీ సర్వర్లో చోటు తీసుకుందామన్నా, అన్నీ వాళ్లే చూసుకుంటారు" అన్నాను.

"వాళ్లింట్లో మన చీరలా? యాడన్నా ఉండాదా!" అని కస్సుమన్నాడు.

హిందూపురం వెళ్లి ఒక పాత కంప్యూటర్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దాన్ని వంటింటి గూట్లో పెట్టి, సైట్ దానిలోంచే నడిచేలా వీడియోలు చూస్తూ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఫొటోలు చేర్చడం, వివరాలు మార్చడం అన్నీ తనే నేర్చుకున్నాడు. పాస్‌వర్డ్ ఎవరికీ అందకూడదని ఎంత కష్టమైనది పెట్టాడంటే, మర్నాటికి ఆయనకే అందలేదు. అంతా చెరిపి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. విసుక్కుంటే ఒట్టు!

తీరా సైట్ తెరుచుకున్న రోజున భార్య లక్ష్మీనరసమ్మ మిక్సీ వేసింది. వోల్టేజీ పడిపోయి కంప్యూటర్ ఆగిపోయింది.

"ఆపే! దేశమంతా చూస్తాండారు!"

"ఎవురూ చూడ్లేదు గానీ, చట్నీ ఎట్ల జేసేది?"

"రోట్లో రుబ్బు."

"నువ్వే రుబ్బు!"

రుబ్బాడు. ఆ రోజునుంచీ రోజూ రుబ్బాడు.

ఇంత మొండితనం ఎందుకో నాకు అర్థం కాక నీలావతిని అడిగాను.

"నీకు తెలీదా అన్నా? ఒక షాపాయన తన సైట్లో మన చీరలు పైసా తీసుకోకుండా ఉత్తగానే పెడతానన్న్యాడు. నేసినోళ్ల పేర్లు తీసేసి షాపు పేరెయ్యాలంట. 'పేరు తీసే పనే లేదు, మనింట్లోనే పెట్టుకుందాం పామ్మా' అన్న్యాడు ఓబులేసన్న."

నేను ఇన్నాళ్లూ అదంతా అనుమానం జబ్బనుకున్నాను!

ఆ వారమే బెంగళూరు నుంచి ఒకావిడ పెళ్లిచీర కోసం ఆదివారం సాయంత్రం సైట్ చూస్తానని కబురు పెట్టింది. సరిగ్గా ఆమె చూడాల్సిన వేళకు వీధిలో కరెంటు పోయింది. నీలావతి ముఖం వాడిపోయింది. ఓబులేసు కంప్యూటర్‌ను చంకనెత్తుకుని గౌస్‌సాబ్ జెరాక్స్ షాపుకు పరుగెత్తాడు. వెనకే నేనూ, నీలావతీ. ఆ షాపులో ఇన్వర్టర్ ఉంది.

"ఓబులేసన్నా, ఇంకొకరి షాపులో పెడతాండావా?" అన్నాను.

"నోరు మూసుకుని వైరు పట్టుకోబ్బా!"

చెమటలు కక్కుతూ ఏవేవో మార్చాడు. సైట్ తెరుచుకుంది. కాసేపటికి నీలావతి ఫోను మోగింది. ఆమె భయపడుతూ స్పీకర్ నొక్కింది.

"నీలావతిగారున్నారా? ఆ వంకాయరంగు చీర మీరే నేశారంట కదా?"

నీలావతి ఓబులేసు వైపు చూసింది.

"నా మొగం ఏంటికి జూస్తావమ్మా? అడుగుతాండేది నిన్నే!"

నీలావతి ఎవరో ఎదురుగా నిలబడ్డట్టు కొంగు సర్దుకుంది.

"ఊఁ... నేనేనమ్మా నీలావతిని. చెప్పండి."